ముత్యం కేక

మార్చి 3, బుధవారం

ఆఫీసు లాగ్ వేరే ఉంది. అందులో నేనేం రాసినా సాయంత్రానికి వల్లభ్ గారి బల్ల మీదికి పోతుంది, మర్నాటికి మాటలు మారి తిరిగొస్తుంది. అందుకే ఇది ఇంట్లో కాగితం మీద రాసుకుంటున్నాను.

ఈరోజు గున్నమ్మ వచ్చింది. యాభై రెండేళ్ళు. భీమిలి దగ్గర సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే ప్లాంటులో జల్లెడలకి పట్టిన ఉప్పు గీకే పని. వేళ్ళ సందులన్నీ తెల్లగా పగిలి ఉన్నాయి. గేటు దగ్గర నిలబడి, "ఫోనెక్కడెట్టమంటావమ్మా?" అని అడిగింది. ఆ ఒక్క మాటకే నా ఒళ్ళు జలదరించింది. అదే గొంతు. వయసుకి గరుకుదేరింది గానీ, అడుగున ఉన్న ఆ చిన్న జీర అలాగే ఉంది.

నలభై నాలుగేళ్ళ కిందట 'ముత్యాల దీవి' ఆటలో ముత్యం అనే పిల్లకి గొంతిచ్చింది ఈవిడే. అప్పుడు ఎనిమిదేళ్ళ పిల్ల. ఆట చివర్లో పడవ మునిగి అన్నయ్య పోతాడు, ముత్యం ఒడ్డున నిలబడి "అన్నియ్యా!" అని ఒక్క కేక వేస్తుంది. ఆ కేక తెలియని ఇల్లు ఆ రోజుల్లో లేదు. నాకు ఏడేళ్ళప్పుడు, అప్పటికే పాతబడిన ఆటని మా నాన్న నా చేత ఆడించాడు. ఆ కేక విన్నాక రెండ్రోజులు నాకు అన్నం సయించలేదు. నేను ఈ ఉద్యోగంలో చేరిందే ఆ కేక కోసమని అంటే వల్లభ్ గారు నవ్వుతారు గానీ, అది నిజం.

పాత ఆటల్ని పైకి తీసి ఇప్పటి పట్టీలకి సరిపడా తయారుచేయడం మా పునర్నవ కంపెనీ పని. ఇప్పటి వాళ్ళకి బొమ్మ, గొంతు చాలవు. పట్టీ మెడకి కట్టుకుంటే ముత్యానికి కలిగే భయం, సంతోషం తమకీ కలగాలి. అవి ఎవరో ఒకరి ఒంట్లోంచి రావాలి. మొదట గొంతిచ్చిన మనిషి బతికుంటే ఆ మనిషే ఇవ్వాలని చట్టం. ఆ మనిషిని కూర్చోబెట్టి, మాటల్లో పెట్టి, కావలసినది ఒంట్లోంచి రప్పించి పట్టుకునేది రికార్డరు. అంటే నేను.

పని అయ్యేదాకా గున్నమ్మ మా అతిథి గదిలోనే ఉంటుంది. మధ్యలో ఫోను మోగితే దృశ్యం చెడుతుంది కాబట్టి ఆమె ఫోను నా సొరుగులో పెట్టాను. "ఎవుళ్ళన్నా సేత్తే నువ్వే ఎత్తమ్మా. నాకు సేసేవోళ్ళు ఎవుళ్ళూ నేరులే," అంది.

మార్చి 5, శుక్రవారం

మంచి రోజు. ఉదయం ఆమె మెడకి జిగురు రాసి, పట్టీ కట్టి, ఎనిమిది చిన్న దృశ్యాలు పట్టాను. ఎండ్రకాయలకి భయపడటం, తాటిముంజె దొరికినప్పటి ఆనందం, దారి తప్పినప్పటి దిగులు. నేను మాట్లాడిస్తూ ఉంటే చాలు, ఒకదాని తరవాత ఒకటి వచ్చాయి.

మధ్యాహ్నం పట్టీని గోరువెచ్చటి నీళ్ళలో కడుగుతుంటే పక్కన నిలబడి చూసింది.

"దీంట్లో ఏటుంటాదమ్మా ఇప్పుడు? నా బయమేనా?"

"అవునండీ. కడిగినా పోదు, అప్పటికే లోపలికి వెళ్ళిపోతుంది."

"అయితే పిల్లలకి నా బయం అంటగడతారు మీరు," అని నవ్వింది.

ఆమె నవ్వినప్పుడు ముత్యం కనిపిస్తుంది. చేతికి వాచీ సరిచేసుకుంటున్నట్టు నటించి తల దించుకున్నాను.

మార్చి 8, సోమవారం

కేక రావడం లేదు.

గొంతు వస్తోంది. పట్టీలో మాత్రం ఏమీ లేదు. పట్టీ పట్టినదాన్ని కాగితం మీద చూపించే గీత నేల మీద పాకుతున్నట్టు చదునుగా పోతోంది. పోయిన భర్తని గుర్తుచేశాను. పన్నెండేళ్ళ కింద లారీ కింద పడ్డాడట. "మంచోడే పాపం," అంది, అంతే. వాళ్ళమ్మ ఆఖరి రోజులు చెప్పించాను. కొంచెం కదిలింది, చాల్లేదు. వల్లభ్ గారు అద్దం అవతల నుంచి చూసి వెళ్ళిపోయి, తరవాత నన్ను పిలిచారు.

"కిందటి రెండు ఆటలూ ఎందుకు పోయాయో గుర్తుందా హైమా?"

"నటించిన ఏడుపు పెట్టాం సర్."

"ఆడేవాళ్ళు క్షణంలో పట్టేశారు. ఇది మూడోది. ఏప్రిల్ పదహారున విడుదల. కేక లేకపోతే ముత్యాల దీవి లేదు. నువ్వూ పాత గొంతుల ముక్కలు అతికే అతికింపుల విభాగంలోకి వెళ్ళి కూర్చోవాలి."

భోజనం దగ్గర గున్నమ్మనే అడిగాను, చిన్నప్పుడు ఆ కేక ఎలా వేశారని. అన్నం కలుపుతూ తల ఎత్తకుండా చెప్పింది.

"నానెక్కడేసినాను, ఏయించినారు. ఆ డైరెట్రు బాబు నన్ను ఒల్లో కూకోబెట్టుకొని, 'మీ అన్న సముద్రంలో పోనాడమ్మా, ఇప్పుడే కబురొచ్చింది' అన్నాడు. నాకు మా దాలన్నియ్యంటే పేనం. అప్పుడేసినాను కేక. ఏసినాక తలుపెనకాతల నుంచి మా అన్నియ్య నవ్వుకుంటా వచ్చినాడు. ఆడికి ముందే తెల్సు. సైకిలు కొనిత్తామన్నారంట."

"తరవాత?"

"తరవాతేటి. సైకిలు కొన్నారు." ఒక ముద్ద తిన్నాక మళ్ళీ అంది. "ఇరవై యేళ్ళ కిందట మాయమ్మ కర్మ నాడు అందరి ముందూ ఆ కత సెప్పి నవ్వినాడు. నాను ఇస్తరి ముందు నుంచి నెగిసి వచ్చీసినాను. మరి ఎల్లనేదు."

నేను విన్నాను. జాలి పడ్డాను కూడా. కానీ, ఎక్కడ నొక్కితే నొప్పి పుడుతుందో తెలిసింది అన్న ఆలోచన జాలి కంటే ముందే వచ్చింది. అబద్ధం రాయడానికైతే ఆఫీసు లాగ్ ఉండనే ఉంది.

మార్చి 12, శుక్రవారం

వల్లభ్ గారు సలహా ఇచ్చారు. నేను అమలు చేశాను.

పట్టీ కట్టాక లోపలికి కంగారుగా వెళ్ళినట్టు వెళ్ళి, ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. "గున్నమ్మగారూ, మీ ఊరి నుంచి ఫోనొచ్చింది. మీ అన్నయ్యగారికి ఒంట్లో బాగాలేదట. చాలా ప్రమాదంగా ఉందట," అన్నాను.

ఆమె నా మొహం చూసింది. తరవాత పకపకా నవ్వింది.

"నువ్వూనేటే బుల్లీ? ఆ డైరెట్రు ముసిలోడు సేసిన పనే నువ్వూ సేత్తన్నావా? ఒక్కపాలి కాలినాక మరి సెయ్యెడతానేటి?"

సిగ్గుతో నా చెవులు వేడెక్కిపోయాయి. క్షమించమన్నాను. ఆమె కోప్పడలేదు. పట్టీ విప్పుతుంటే మెడ రుద్దుకుంది. తరవాత మెల్లగా అంది:

"నువ్వు సెప్పింది అబద్దమే. గానీ నిజమే అయితే నానేటి సేద్దునా అనిపించింది. ఆడికి డెబ్బై దగ్గిరకొచ్చీసింది... కాదు, నాకంటే ఆరేళ్ళే పెద్ద. అయినా సముద్రం మీద పనిసేసినోడు బేగి ముసిలాడైపోతాడు. ఈ పని అయిపోనాక ఆదోరం ఎల్తానమ్మా. ఎల్లి ఒక్కపాలి సూసొచ్చెత్తాను."

నా అబద్ధం ఒక మంచి పని చేసిందని ఇంటికొచ్చే దారంతా నాకు నేను చెప్పుకున్నాను. ఫిరోజ్ మాత్రం మామూలు పట్టీతో లాభం లేదన్నాడు. అతను మా పట్టీలు సరిచేసే మనిషి. పెద్ద దుఃఖం వస్తే మామూలు పట్టీ పట్టలేదట, పగిలిన స్పీకరులా గరగరలాడుతుందట. లోతు పట్టీని బెంగుళూరు తీసుకెళ్ళి సరిచేయించుకుని గురువారం వస్తానన్నాడు.

మార్చి 16, మంగళవారం

ఉదయం దృశ్యం మధ్యలో కాగితాల కోసం నా బల్ల దగ్గరికొచ్చాను, పదకొండూ పదికి సొరుగులో ఫోను మోగింది. ఆమె ఇచ్చినప్పటి నుంచీ మోగడం ఇదే మొదటిసారి. ఎత్తాను.

"గున్నమ్మేనా?"

"కాదండీ. ఆవిడ పనిలో ఉన్నారు. మీరెవరు?"

"దాని వదిన్ని, తౌడమ్మని. ఈయన పోనారమ్మా. తెల్లారగట్ట పోనారు. గుండె ఆగిపోనాది. నిన్నంతా సెల్లిని సూడాల, సెల్లిని సూడాలని ఒకటే ఇది. రేపు రెండు గంటలదాకా ఉంచుతాం. దాన్ని రమ్మని సెప్పమ్మా. కోపాలేటన్నా ఉంటే తరవాత సూసుకుందుం, రమ్మని సెప్పు."

"చెప్తానండీ," అన్నాను.

చెప్తానని అన్నప్పుడు నిజంగా చెప్పాలనే అనుకున్నాను. కుర్చీలోంచి లేచాను కూడా. గున్నమ్మ ఉన్న గదికి వెళ్ళాలంటే వల్లభ్ గారి గది దాటాలి. దాటకుండా లోపలికి వెళ్ళాను. విషయం చెప్పాను.

ఆయన కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు.

"ఫిరోజ్ ఎప్పుడొస్తాడు?"

"గురువారం సర్."

"నువ్వు నాకేమీ చెప్పలేదు హైమా. నేనేమీ వినలేదు. ఆమెని చూసుకునేది నువ్వు. ఎప్పుడు చెప్పాలో నీకే తెలియాలి."

బయటికొచ్చి నడవాలో నిలబడ్డాను. చెబితే ఇప్పుడే ఏడుస్తుంది. మెడకి లోతు పట్టీ ఉండదు. ఏడ్చి, ఊరెళ్ళి, తిరిగొచ్చేసరికి ఇంకిపోతుంది. ప్రపంచంలో ముత్యం కేక వేయగల మనిషి ఒక్కతే. ఆ కేక ఆమెకి జీవితంలో ఇంకొక్కసారే వస్తుంది. ఇప్పుడు చెబితే అది ఏ పట్టీకీ దొరక్కుండా పోతుంది. నేనాలోచించింది ఇదే. ఒక చెల్లెలు, ఒక అన్న అని ఆలోచించలేదు.

సొరుగు దగ్గరికొచ్చి ఫోను ఆపేశాను.

పన్నెండున్నరకి ఇద్దరం కలిసి అన్నం తిన్నాం. నేను తెచ్చిన గోంగూర పచ్చడి ఆమెకి నచ్చింది, రెండోసారి వేయించుకుంది. అన్నయ్యకి ఎండు నెత్తళ్ళు ఇష్టమట. ఆదివారం వెళ్ళేటప్పుడు భీమిలి సంతలో కొనుక్కుని వెళ్తుందట. "నెత్తళ్ళు సూత్తే ఆడికి కోపం ఉండదు," అంది. "ఆడికి కోపం లేదు గదా, కోపం నాకే గదా," అని తన మాటకి తనే నవ్వింది.

మార్చి 17, బుధవారం

రెండు గంటలకి గడియారం చూశాను. గున్నమ్మ అతిథి గదిలో నిద్రపోతోంది. తలుపు సందులోంచి చూసి వచ్చేశాను.

మార్చి 18, గురువారం

ఫిరోజ్ పదింటికి వచ్చాడు. అతనికి ఏమీ చెప్పలేదు. లోతు పట్టీ బరువుగా ఉంటుంది, కట్టేటప్పుడు గున్నమ్మ "కాడి కట్టినట్టుందే" అంది. గీత మొదలైంది. నేను ఆమెకి ఎదురుగా కూర్చున్నాను. ఈసారి కంగారు నటించలేదు.

"గున్నమ్మగారూ, మీ అన్నయ్యగారు పోయారు."

కళ్ళు చిట్లించి నన్ను చూసింది. నోరు ఓ పక్కకి తిరిగింది. నవ్వు ఆపుకుంటోంది.

"మళ్ళీనా?"

"నిజం చెబుతున్నానండీ. గుండె ఆగి పోయారు."

"పోనీలే బుల్లీ, నీ అవస్త నువ్వు పడతన్నావు." నవ్వేసింది. చేత్తో నా బుగ్గ తట్టింది. "ఆ ముసిలోడు నీకంటే బాగా సెప్పినాడు. ఏడుసుకుంటా సెప్పినాడు. నీకు ఏడుపు కూడా రావట్లేదు."

ఆమె నవ్వుతోంది. నేను ఇంకోసారి చెప్పాను. ఇంకా నవ్వింది. అద్దం అవతల ఫిరోజ్ కూడా నవ్వుతున్నాడు. అతను కూడా ఇది నా ఎత్తే అనుకున్నాడు. నిజాన్ని ఎలా చెబితే నిజంలా ఉంటుందో నాకు తెలియలేదు. చివరికి బయటికెళ్ళి నా సొరుగులోంచి ఫోను తెచ్చి, వెలిగించి ఆమె చేతిలో పెట్టాను. తొమ్మిది గొంతు సందేశాలున్నాయి. ముందే వినేశాను. నాతో మాట్లాడిన సంగతి తౌడమ్మ ఎత్తిన రెండింటినీ, ఫోనులో ఆ కాల్ గుర్తునీ పొద్దున్నే తీసేశాను. మిగిలిన ఏడులో ఆఖరిది నేనే నొక్కాను.

"గున్నమ్మా, తీసుకెల్లిపోనాం. రెండు దాటి అరగంట ఆపినాం నీ కోసరం. అందరూ దారి కేసే సూసినారు. సచ్చినోడి మీద కూడా కోపమేనేటే నీకు? మరి రాకు. నా గడపలోకి మరి రాకు."

నవ్వు ఆమె మొహం మీద అలాగే ఉండిపోయింది. కిందికి దిగడానికి దారి తెలియనట్టు కాసేపు అక్కడే ఉంది. తరవాత నోరు తెరుచుకుంది. కేక వస్తుందనుకున్నాను. రాలేదు. గాలి కూడా రాలేదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండి, రెండు చేతులూ ఫోనుని గుండెకి అదుముకుని, కుర్చీలోంచి మెల్లగా నేల మీదికి జారింది. చాలాసేపటికి, ఒక్క మాట, పసిపిల్ల గొంతుతో:

"అన్నియ్యా."

నేను ఆమెని పట్టుకోలేదు. గీత వైపు చూస్తున్నాను. గీత కాగితం పై అంచు దాటి పోయింది. ఇంతవరకూ ఎవరూ పట్టనంత లోతు. గీత ఆగేదాకా ఆనందంతో చూశాను. అది ఆనందమే. దానికి ఇంకో పేరు పెట్టను.

పట్టీ విప్పాక అడిగింది. "ఎప్పుడు పోనాడు?"

"మొన్న. మీ ఫోను ఛార్జింగ్ అయిపోయి ఆగిపోయిందండీ. ఈ ఉదయమే చూశాను."

"పాత ఫోను," అంది. "నాదే తప్పు. మార్సుకోమన్నారు ప్లాంటులో." తరవాత నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు నిజం సెప్తే నవ్వినాను తల్లీ. ఏటనుకోకు."

కంపెనీ బండిలో ఊరు పంపించాం.

మార్చి 24, బుధవారం

ఆఫీసులో పద్నాలుగు మంది ఆ ఘట్టం ఆడారు. పద్నాలుగు మందీ ఏడ్చారు. లెక్కలు చూసే పెద్దాయన పట్టీ విప్పి గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. ఆయనకి అన్నదమ్ములు లేరు. వల్లభ్ గారు అందరి ముందూ నా భుజం తట్టారు. స్వీట్లు పంచారు. నాకిచ్చిన కాజా బల్ల మీద పెట్టుకుని, పని చేసుకుంటూ తినేశాను.

నేను మాత్రం ఆడలేదు. ముందు గొంతు సరిచూడాలని తప్పించుకున్నాను.

మార్చి 26, శుక్రవారం

గున్నమ్మ వచ్చింది. గేటు దగ్గరే నిలబడింది, లోపలికి రానంది. నేనే బయటికి వెళ్ళాను. వారం రోజుల్లో మనిషి సగమైపోయింది.

ఆరోజు బండి దిగాక వదిన గుమ్మంలోనే ఆపేసిందట. ఊరంతా చూస్తుండగా, 'కబురెట్టినా రానిదానివి, ఇప్పుడెవర్ని సూడ్డానికొచ్చినావు' అందట. ఈమె ఫోను సంగతి చెబితే, 'ఫోనాగిపోతే నాతో మాటాడిన ఆడమనిసెవులు' అని అడిగిందట.

"నా ఫోను నీ కాడే ఉంది గదమ్మా. ఎవులెత్తినారు?"

నీడ లేదు. ఎండ మా ఇద్దరి మీదా పడుతోంది.

"తెలియదండీ. వాళ్ళు కంగారులో వేరే నంబరుకి చేసుంటారు," అన్నాను.

"నానూ అదే అనుకున్నాను." ఆమె మొహంలో కాస్త వెలుగొచ్చింది. "రేపు పెదకర్మ. నువ్వొచ్చి ఆ ముక్క మా వదినకి సెప్పు తల్లీ. నువ్వు సదువుకున్నదానివి, నీ మాట నమ్ముతాది. పెదకర్మకన్నా నన్ను గడప ఎక్కనిత్తాది. నాకింకేటీ వొద్దు."

వస్తానని చెప్పాను. వల్లభ్ గారిని అడిగితే, "వెళ్ళు, ఆమె స్థిమితంగా ఉండటం మనకి మంచిది. విడుదలకి ముందు గొడవలొద్దు. ఇవాళ చెప్పిన మాటే రేపూ చెప్పు," అన్నారు.

మార్చి 27, శనివారం

శ్రీకాకుళం దాటాక సముద్రం వెనక్కి నెట్టిన ఊళ్ళన్నిటికీ కలిపి ఒక దిబ్బ మీద కట్టిన కాలనీ. అన్నీ ఒకేలాంటి ఇళ్ళు. గున్నమ్మ అన్న దాలయ్య ఇంటి ముందు షామియానా వేశారు. విస్తళ్ళు ఇంకా వేయలేదు. పాతిక మంది దాకా ఉన్నారు. గున్నమ్మ చేతిలో ఎండు నెత్తళ్ళ పొట్లం. షామియానా అంచు దగ్గరే ఆగిపోయింది.

తౌడమ్మ బయటికి వచ్చింది. పొడుగాటి మనిషి, నుదురు బోసిగా ఉంది. ఆడపడుచు వైపు చూడనే లేదు. నన్ను చూసి, ఎవరని అడిగినట్టు గడ్డం ఎత్తింది.

నేను దారిలో పేర్చుకున్న మాటలే చెప్పాను. "నమస్కారమండీ. నేను గున్నమ్మగారు పనిచేసిన చోట నుంచి వచ్చాను. ఆవిడ తప్పేమీ లేదు. మంగళవారం మాకు కబురే రాలేదు. ఫోను ఆగిపోయి ఉంది. గురువారం చూసి, వెంటనే చెప్పాం."

తౌడమ్మ కదల్లేదు. పక్కనున్న వాళ్ళెవరో ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

"మళ్ళీ సెప్పు."

"మంగళవారం మాకు..."

"ఇదే గొంతు," అంది తౌడమ్మ. అరవలేదు. "నాతో మాటాడింది ఇదే గొంతు. 'సెప్తానండీ' అంది. ఆ మాట రోజుకి నూరుపాలు ఇనపడతంది నాకు. ఈయన పక్కన కూకొని, సెప్తానంది గదా, వొచ్చేత్తాదిలే అనుకున్నాను."

అందరూ నా వైపు తిరిగారు. కాదని అనాలి. నోరు తెరవలేదు. తెరిస్తే అదే గొంతు.

గున్నమ్మ నా ఎదురుగా వచ్చి నిలబడింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను. చాలా మెల్లగా అడిగింది.

"మంగళోరం ఎన్నింటికి?"

"పదకొండూ పది."

"నానప్పుడేటి సేత్తన్నాను?"

"చిన్న దృశ్యం... కొబ్బరిచెట్టు ఎక్కే దృశ్యం."

"తరవాత?"

"భోంచేశారు."

"ఏటేసుకుని?"

"గోంగూర పచ్చడి."

"మళ్ళీ ఏయించుకున్నాను," అంది గున్నమ్మ. "నువ్వు ఏసినావు." పొట్లాన్ని ఇంకో చేతిలోకి మార్చుకుంది. "బుదోరం రెండు గంటలకి?"

"నిద్రపోతున్నారు."

ఆమె తల ఊపింది. లెక్క సరిపోయిందన్నట్టు ఊపింది. తౌడమ్మ వచ్చి, ఆమె రెండు భుజాలూ పట్టుకుని, తన వైపు తిప్పుకుంది. గున్నమ్మ పొట్లాన్ని వదిన చేతిలో పెట్టింది. అప్పుడు ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని, ఎలాంటి పట్టీ లేకుండా ఏడ్చారు. ఇద్దరూ లోపలికి వెళ్ళిపోయారు. గున్నమ్మ మళ్ళీ నా వైపు చూడలేదు.

నన్నెవరూ పొమ్మనలేదు. బండి దగ్గరికి నడుస్తుంటే ఒకమ్మాయి వెనకే వచ్చి, గ్లాసుతో నీళ్ళిచ్చింది. కర్మ ఇంటికి వచ్చిన వాళ్ళకి నీళ్ళివ్వకుండా పంపరట. తాగాను. దాహంగా ఉంది.

ఏప్రిల్ 2, శుక్రవారం

గున్నమ్మ అర్జీ పెట్టింది. తన దుఃఖాన్ని ఆటలోంచి తీసేయమని. విడుదలకి ముందైతే ఆ హక్కు చట్టంలో ఉంది. ఒకే ఒక్క షరతు: పట్టుకున్న పద్ధతి తప్పని తేలాలి. తేల్చేది ప్రభుత్వం నియమించిన తనిఖీ అధికారి. రాజ్యలక్ష్మి అనే ఆవిడ, చాలా మర్యాదస్తురాలు. తౌడమ్మ గుర్తుపట్టింది గొంతు పోలిక మాత్రమేనని, ఊళ్ళో వాళ్ళు నేనన్నట్టు చెబుతున్న మాటకి రాత ఏమీ లేదని, ఫోను కంపెనీ వారం దాటిన వివరాలు ఉంచదని, అందుకని రికార్డరు మాటే ప్రమాణమని నాకు వివరించింది. ఒక ఫారం ఇచ్చింది.

ఫారంలో అడిగింది ఒక్కటే. 'మరణవార్త రికార్డరుకి ఏ రోజు అందింది?'

"తొందర లేదమ్మా," అంది. "బయట కూర్చుని ఆలోచించి రాయండి."

బయట బల్ల మీద, ఇంకో చివర, గున్నమ్మ కూర్చుని ఉంది. తౌడమ్మ తోడొచ్చింది. వాళ్ళు నన్ను బతిమాలలేదు, తిట్టలేదు. నేను రాస్తానని గున్నమ్మ నమ్ముతున్నట్టు అనిపించింది. ఊళ్ళో అందరి ముందూ 'పదకొండూ పది' అన్నదాన్ని గదా.

ముప్పావుగంట కూర్చున్నాను. మంగళవారం అని రాస్తే నా రికార్డరు చీటీ రద్దవుతుంది, కేసు నడుస్తుంది. ఇది నిజమే, కానీ అసలు కారణం ఇది కాదు. ఆ గీత నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. అంత గొప్ప దాన్ని తుడిచేయడానికి నా చెయ్యి రాలేదు.

గురువారం అని రాశాను.

ఫారం ఇచ్చి వస్తుంటే రాజ్యలక్ష్మిగారు వాళ్ళని లోపలికి పిలిచారు. తలుపు మూసుకుంది. నేను మెట్లు దిగి వచ్చేశాను.

ఏప్రిల్ 16, శుక్రవారం

విడుదల. పొద్దున ఆఫీసుకి బస్సులో వెళ్తున్నాను. నా పక్క సీట్లో కాలేజీ అమ్మాయి, పదిహేడు, పద్దెనిమిదేళ్ళుంటాయి. మెడకి కొత్త పట్టీ, కళ్ళు మూసుకుని ఉంది. మద్దిలపాలెం దాటాక ఒక్కసారిగా ఆమె మొహం మీద నవ్వు వచ్చి, అక్కడే ఆగిపోయింది. దిగడానికి దారి తెలియనట్టు. నాకు అది తెలుసు. అదే నవ్వు. తరవాత నోరు తెరుచుకుంది. చేతులు రెండూ గుండెకి అదుముకుని ముందుకి వంగిపోయింది.

"అన్నియ్యా," అంది ఆ పిల్ల. తనది కాని యాసలో.

బస్సులో వాళ్ళు తిరిగి చూశారు. ఆ ఆట ఏదో తెలిసి కొందరు నవ్వుకున్నారు. వెనక సీట్లో పెద్దావిడ, "మా చిన్నప్పటి ఆటే," అని పక్కావిడకి సంబరంగా చెప్పింది.

పిల్ల పట్టీ వదులు చేసుకుని, చున్నీతో మొహం తుడుచుకుంది. నేను చూస్తున్నానని గమనించి సిగ్గుపడింది.

"ఎలా ఉంది?" అని అడిగాను.

"భలే ఉందక్కా," అంది. ముక్కు ఎగబీల్చింది. "చచ్చిపోతానేమో అనిపించింది తెలుసా."

మా స్టాపు ఇంకా దూరం ఉంది. పట్టీ మళ్ళీ బిగించుకుంది, వేలితో ఆటని వెనక్కి జరిపి, కళ్ళు మూసుకుని, అక్కణ్ణుంచే మళ్ళీ మొదలుపెట్టింది.